గడ్డుకాలంలో కత్తి: కామారెడ్డి, ఎల్లారెడ్డి కొలిముల చరిత్ర

పాఠ్యపుస్తకంలో కత్తి అనే మాట రాగానే రాజులు, యుద్ధాలు, కోటలు వస్తాయి. మన గూడేల్లో, తండాల్లో మాత్రం కత్తి ఇంటి సామాను. కంచె కొట్టేది అదే, వెదురు చీల్చేది అదే, తునికి మండలు కొట్టేది, మేకలకు రొట్ట కోసేది కూడా అదే. అయినా ఆ కత్తిని ఎవరు చేశారు, దానికి ఇనుము ఎక్కడిది, బొగ్గు ఎక్కడిది, కొనడానికి పైసలు లేని ఏడు మనవాళ్ళు ఏం చేశారు అనే ప్రశ్నలు ఏ తరగతిలోనూ రావు. నేను ఎల్లారెడ్డి వైపు బడిలో పాఠాలు చెబుతాను. మా పిల్లల్లో దాదాపు అందరి ఇళ్ళలో కత్తి ఉంది. కొలిమి మండుతుండగా చూసినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది.

ఈ వ్యాసం ఆ పిల్లల కోసం, వారికి చదువు చెప్పే టీచర్ల కోసం. చేతిలో డబ్బు ఆడని కాలంలో చేతితో చేసిన కత్తి ఏమైంది అన్నదే ఇందులోని ప్రశ్న. నాకు దొరికిన జవాబు ముందే చెబుతాను. మాంద్యం ఒక్కటే కొలిమిని ఆర్పలేదు. బొగ్గు, ఇనుము, అంగడి అనే మూడూ చేజారినప్పుడే కొలిమి ఆరింది.

ఉక్కు పుట్టిన నేల

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అంతకు ముందు ఇదంతా నిజామాబాద్ జిల్లా. 1905కు ముందు ఆ జిల్లా పేరు ఇందూరు. ఈ ఉమ్మడి జిల్లాలోనే కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరుంది. ప్రపంచంలో లోహాల చరిత్ర చదివేవారందరికీ ఆ ఊరి పేరు తెలుసు. మన పిల్లలకే తెలియదు.

లాంబ్టన్ నడిపిన భూసర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ కోనసముద్రంలో ఉక్కు చేసే తీరును రాసి పెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆయన రాసినది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూతిని మట్టితో మూసి, బొగ్గు మంటలో గంటల తరబడి కాల్చేవారు. మూస పగలగొడితే లోపల ఉక్కు ముద్ద ఉండేది. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు ఇక్కడికే వచ్చి, దగ్గరుండి చేయించుకుని, నాణ్యం చూసుకుని కొనుక్కుపోయేవారు. అంతకు 150 ఏళ్ళకు ముందే, 17వ శతాబ్దంలో, ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గోల్కొండ రాజ్యం నుంచి పర్షియాకు ఉక్కు వెళుతుందని రాశాడు. పేరుపొందిన డమాస్కస్ కత్తులకు మూలం ఇలాంటి దక్కను ఉక్కే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ‘ఊట్జ్’ అన్నారు. ఆ మాట మన ‘ఉక్కు’ నుంచే వచ్చిందని పండితుల అభిప్రాయం.

2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళలో సర్వే చేశాయి. ఇనుము కరిగించిన చోట్లు ఎన్నో బయటపడ్డాయి. ఇనుము కరిగించాక మిగిలే నల్లని, బొరియలున్న రాళ్ళను మనం చిట్టెపు రాళ్ళు అంటాం. చెరువు కట్టల పక్కన, అడవి అంచున అవి కుప్పలుగా పడి ఉంటాయి. అంటే ఆ చోట ఒకప్పుడు కొలిమి మండిందని అర్థం. రాతలో చరిత్ర లేనివారికి ఆ చిట్టెపు దిబ్బే శాసనం.

అడవి లేనిదే ఇనుము లేదు

కమ్మరి పని అనగానే ఊరిలోని కమ్మరి ఇల్లే గుర్తొస్తుంది. కానీ ఇనుము కథ ఊరిలో మొదలు కాదు. వాగుల్లో నల్లని ఇనుప ఇసుకను ఏరి కడగాలి. అడవిలో కట్టె కొట్టి, కుప్ప పేర్చి, మట్టి కప్పి, పొగ చూస్తూ బొగ్గు చేయాలి. ఒక మోత ఇనుముకు ఎన్నో మోతల బొగ్గు పడుతుంది. కాబట్టి ఇనుము కరిగించేవారు అడవికి దగ్గరగానే బతికారు. ముడి ఇనుము తీసేవారిని మన ప్రాంతంలో ముద్ద కమ్మరులు అనేవారు. పనిముట్లు చేసే ఊరి కమ్మరి వేరు.

ఈ పనిలో ఆదివాసుల చేయి ఎంత ఉందో తెలుసుకోవాలంటే తెగల జాబితా చాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ‘కమ్మర’ అనే తెగ ఉంది. విశాఖ ఏజెన్సీ కొండల్లో నాగటి కర్రులు, కత్తులు, గొడ్డళ్ళు చేసిన ఆదివాసులు వారు. ఆదిలాబాద్ గోండుల మధ్య కొలిమి పని, వడ్రంగి పని చేసేవారిని ఖాతీలు అంటారు. మధ్య భారతంలో అగరియా తెగ తరతరాలుగా ఇనుము కరిగించింది. వెరియర్ ఎల్విన్ వారి మీద ‘ది అగరియా’ అనే పెద్ద పుస్తకమే రాశాడు. అది 1942లో వచ్చింది. కొలిమి మీద పన్ను, అడవిలో బొగ్గుకు ఆంక్షలు, అంగట్లో చవక ఇనుము కలిసి ఆ తెగ వృత్తిని ఎలా దెబ్బతీశాయో అందులో ఉంది. అగరియాల కథ చదివితే మన కోనసముద్రం ఎందుకు చల్లారిందో కూడా సగం అర్థమవుతుంది.

రైలు తెచ్చిన మార్పు

1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వరకు రైలు మార్గం పడింది. అది కామారెడ్డి మీదుగా పోతుంది. రైలు వచ్చాక కామారెడ్డి వ్యాపార కేంద్రమైంది. సీమ నుంచి దిగుమతి అయిన ఇనుప పట్టీలు, రేకులు ఆ బండ్లలోనే దిగాయి. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912లో జంషెడ్‌పూర్‌లో మొదటి ఉక్కు తీశారు. ఇక వాగు ఇసుకను కడిగి, బొగ్గు కాల్చి ఇనుము తీయడం గిట్టుబాటు కాని పని అయింది. ముద్ద కమ్మరి పని పోయింది. ఊరి కమ్మరి నిలబడ్డాడు, కానీ ఇనుము కోసం దుకాణం మీద ఆధారపడ్డాడు.

అదే రైలు లంబాడాలనూ దెబ్బతీసింది. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన బంజారాల రవాణాను గూడ్సు బండి లాక్కుంది. తిరిగే కాళ్ళు తండాల్లో ఆగాయి. అడవి నరికి చేను చేసుకోవడానికి గొడ్డలి, కత్తి కావలసి వచ్చాయి. ఒకవైపు కమ్మరికి ఇనుము చేజారింది, మరోవైపు కత్తి అవసరమైన కొత్త చేతులు వచ్చాయి. ఈ రెండింటినీ కలిపి చెప్పకపోతే మన ప్రాంత చరిత్ర సగమే చెప్పినట్టు.

అదే కాలంలో నిజాం సర్కారు అడవికి హద్దులు గీసింది. 1326 ఫసలీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం, అంటే సుమారు 1917 నాటిది, అడవిని సర్కారు ఆస్తిగా కట్టుదిట్టం చేసింది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా కట్టె కొట్టినా, బొగ్గు కాల్చినా నేరమే. ఆదివాసికి ఆ చట్టం పోడును దూరం చేసింది. కమ్మరికి బొగ్గును దూరం చేసింది. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పెట్లు అని సామెత. ఇక్కడ అడవితో కూడిన ఇద్దరికీ ఒకే పెట్టు తగిలింది.

1930ల మాంద్యం

1929లో అమెరికాలో మొదలైన మహా మాంద్యం కొద్ది నెలల్లోనే మన రైతు కల్లంలోకి వచ్చింది. 1929 నుంచి 1933 మధ్య దేశంలో పంటల ధరలు దాదాపు సగానికి పడిపోయాయి. శిస్తు మాత్రం సగం కాలేదు. సావుకారి వడ్డీ సగం కాలేదు. వడ్లు, జొన్నలు ఎప్పటిలాగే పండినా చేతికి నగదు రాలేదు. నిజాం రాజ్యంలో ఎన్నో చోట్ల భూములు అప్పుల కింద సావుకార్లకు, దేశ్‌ముఖులకు వెళ్ళిపోయింది ఆ కాలంలోనే. ఆదిలాబాద్ అడవుల్లో కుమ్రం భీం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చింది ఈ భూమి, అడవి చేజారిన బాధలోనే.

నగదు లేని ఆ రోజుల్లో కొలిమి ఎలా మండింది? ఆయం వల్ల. ఊరి కమ్మరికి కత్తికింత, కర్రుకింత అని ప్రతిసారీ పైసలిచ్చే లెక్క లేదు. ఏడాది పొడవునా కర్రు కాల్చి సాగదీస్తాడు, కొడవలికి కక్కులు పెడతాడు, కత్తికి పదును పెడతాడు. పంట వచ్చాక కల్లం దగ్గర మేర కొలిచి ఇస్తారు. ధర పడిపోయినా కమ్మరికి ధాన్యం ధాన్యంగానే దక్కింది. పంట పోతే అతని కుండా ఎండింది. అంటే కష్టాన్ని ఇద్దరూ పంచుకున్నారు.

అయితే ఆయాన్ని గొప్పగా చెప్పి ఊరుకోకూడదు. అది కులాన్ని బట్టి మనిషిని పనికి కట్టేసిన ఏర్పాటు. పైగా చాలా చోట్ల గూడెం, తండా ఆ లెక్కలో లేవు. మనవాళ్ళు అంగడిలోనే కొనాలి. నగదు లేకపోతే తేనె, ఇప్పపువ్వు, చింతపండు, బంక వంటివి తూచి ఇవ్వాలి. తూకం ఎవరి చేతిలో ఉందో ధర వారిదే. కొత్త కత్తి కొనలేని ఏడు పాత గొడ్డలి ముక్కనే కత్తిగా సాగదీయించుకుని వాడుకోవడం ఇలాంటి ఇళ్ళలో ఉన్న పద్ధతి.

మరో సంగతి కూడా ఉంది. మాంద్యం నడుస్తుండగానే, 1931లో ఎల్లారెడ్డి, బాన్సువాడల మధ్య మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలువ కింద చెరుకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చెరుకు కోతకు వంగిన, బరువైన కత్తి కావాలి. రోజంతా నరికితే సాయంత్రానికి మొద్దుబారుతుంది. కత్తి చేయడం కంటే కత్తిని నిలబెట్టడమే పెద్ద పని. ఒక చోట పడిపోయిన పని మరో చోట లేచిందంటే కారణం నీళ్ళు, పంట, ఫ్యాక్టరీ. మాంద్యంలో కూడా సర్కారు పెట్టుబడి పెట్టిన చోట చేతి పనికి బతుకు దొరికింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అప్పుడు దెబ్బ రైతుకు, కార్మికుడికి మాత్రమే అని పత్రికల్లో చదివాం. చెరుకుతో బతికిన చిన్న పనులన్నిటికీ ఆ దెబ్బ తగిలింది.

కత్తి ఎలా అవుతుంది

నేటి కొలిమిలో ఇనుము ఎక్కువగా పాత లారీల కమాను పట్టీల నుంచి వస్తుంది. అది మామూలు ఇనుము కాదు, కర్బనం తగినంత ఉన్న ఉక్కు. అందుకే అంచు నిలుస్తుంది. ముందు పట్టీని కొలిమిలో మోదుగ పువ్వు రంగు వచ్చేదాకా కాలుస్తారు. పట్టుకారుతో దాగలి మీద పెట్టి ఒకరు సుత్తితో చోటు చూపిస్తే మరొకరు సమ్మెట వేస్తారు. చాలా కొలిముల్లో ఆ సమ్మెట పట్టేది, తిత్తి ఊదేది ఇంటి ఆడవాళ్ళే. వారి పేరు అంగడిలో వినపడదు.

ఆకారం వచ్చాక ఆకురాయితో అంచు తీస్తారు. తరువాతిది అసలు పని. కత్తిని దొండపండు ఎరుపు వచ్చేదాకా కాల్చి నీటిలోనో, నూనెలోనో ముంచుతారు. ఆ వేడిలో ఉక్కుకు అయస్కాంతం అంటుకోదు. ఈ సంగతిని సైన్స్ టీచర్లు పాఠంలో వాడుకోవచ్చు. ముంచాక కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్ళీ సన్నని వేడి ఇస్తే మెరుగుపెట్టిన అంచు మీద రంగులు పాకుతాయి. పసుపు రంగు దగ్గర ఆపితే కూరగాయల కత్తికి మంచి పదును. ఇంకొంచెం గోధుమ రంగుకు పోనిస్తే చెట్టు కొట్టే కత్తి, విరగదు. నీలం దాకా పోతే అంచు మెత్తబడుతుంది. థర్మామీటరు లేకుండా రంగును చూసి ఉష్ణోగ్రత చెప్పగలిగే ఈ చదువు ఏ పుస్తకంలోనూ లేదు.

మన కాలపు గడ్డు రోజులు

కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతం నుంచి వేల మంది గల్ఫ్‌కు వెళతారని అందరికీ తెలుసు. 2008–09లో దుబాయిలో కట్టడాలు ఆగిపోయినప్పుడు ఎందరో తిరిగి వచ్చారు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు అంగళ్ళు బోసిపోయాయి. చిల్లరతో నడిచే కత్తి, కొడవలి బేరం అప్పుడు అప్పు మీదే నడవాల్సి వచ్చింది. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్. ఆ ఏడు ఏప్రిల్–జూన్ మూడు నెలల్లో దేశ ఉత్పత్తి దాదాపు 24 శాతం పడిపోయింది. పెరిగినది వ్యవసాయం ఒక్కటే.

ఈ ఒక్క సంగతిని బాగా గమనించాలి. ఫ్యాక్టరీలు ఆగినా ఎవుసం ఆగలేదు. పట్నం నుంచి తిరిగొచ్చినవారు పార, గడ్డపార పట్టుకుని ఉపాధి హామీ పనికి పోయారు. ఆ పథకంలో దేశవ్యాప్తంగా అంత పని దినాలు అంతకు ముందు ఎన్నడూ లేవు. గడ్డపార మొన అరిగితే కొలిమికే రావాలి. అంటే గిరాకీ పోలేదు. పోయింది అంగడి. వారపు అంగళ్ళు మూసేస్తే చేసిన కత్తి ఇంట్లోనే ఉండిపోయింది. లారీలు ఆగితే పాత ఇనుము దొరకడం కష్టమైంది. రోడ్ల పక్కన గుడారం వేసుకుని కత్తులు, గొడ్డళ్ళు చేసి అమ్మే సంచార లోహార్ కుటుంబాలు ఎక్కడివారు అక్కడే చిక్కుకుపోయారు. కరువులో అధిక మాసం అంటే ఇదే.

దీనికి తోడు వరి కోత మిషన్లు వచ్చాక కక్కు కొడవలి పని తగ్గింది. ట్రాక్టరు వచ్చాక కర్రు పని తగ్గింది. మిగిలింది కత్తి, గొడ్డలి, గీత కార్మికుల గీత కత్తి. అక్కడ ఫ్యాక్టరీ కత్తి పోటీకి వచ్చింది.

తరగతిలో చేయించదగ్గ లెక్క

ఫ్యాక్టరీ కత్తి చవక అంటారు. ఒక లెక్క వేద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలే, మీ ఊరి ధరలు వేసి మళ్ళీ చేయించండి. ఫ్యాక్టరీ కత్తి 100 రూపాయలు, రెండేళ్ళు వస్తుంది అనుకుందాం. కొలిమి కత్తి 300 రూపాయలు, పదేళ్ళు వస్తుంది, ఏటా పదునుకు 20 రూపాయలు. పదేళ్ళకు మొదటిదానికి 500, రెండోదానికి కూడా 500. ఖర్చు సమానం. మరి తేడా ఏమిటి? గడ్డు ఏడు వచ్చినప్పుడు మొదటివాడు 100 రూపాయలు తేవాలి, లేదా మొండి కత్తితో పని చేయాలి. రెండోవాడికి 20 రూపాయలు చాలు. పైగా మొదటి 500 ఎక్కడికో పోతుంది. రెండో 500లో ఎక్కువ భాగం మన మండలంలోనే తిరుగుతుంది. గడ్డుకాలంలో బాగుచేసుకోగల వస్తువే మనల్ని కాస్తుంది. బాగుచేసే మనిషి దగ్గరలో ఉంటేనే అది సాధ్యం.

చేతి పని నేర్చి అమ్మాలనుకునే యువత రెండు విషయాలు తెలుసుకోవాలి. 1959 ఆయుధ చట్టం కింద ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన కత్తులకు లైసెన్సు అక్కర లేదు. అవి కాకుండా 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్నవి ఆయుధాల లెక్కలోకి వస్తాయి. అందుకే పనిముట్టునే చేయాలి, పనిముట్టుగానే అమ్మాలి. రెండోది, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి పని ఉంది. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, మొదట లక్ష, తరువాత రెండు లక్షల వరకు తక్కువ వడ్డీ అప్పు అందులో ఉన్నాయి. ఏ కులం, ఏ తెగ అని ఆ పథకం అడగదు, చేసే పనిని అడుగుతుంది.

మనం చేయవలసింది

టీచర్లకు నా మనవి ఇది. మీ బడి చుట్టూ మూడు నాలుగు కిలోమీటర్లలో చిట్టెపు రాళ్ళు ఎక్కడున్నాయో పిల్లలతో వెతికించండి, పటం గీయించండి. రాళ్ళను మాత్రం అక్కడి నుంచి కదపవద్దు. గాంధారి, లింగంపేట, మాచారెడ్డి వైపు అడవి అంచు ఊళ్ళలో మండుతున్న కొలిములు ఎన్ని, ఆరినవి ఎన్ని, ఆరిన ఏడు ఏది అని రాయించండి. పెద్దవారి దగ్గర కొలిమి మాటలు సేకరించండి. దాగలి, పట్టుకారు, సమ్మెట, తిత్తి వంటి మాటలకు గోండి, లంబాడీ, కోయ భాషల్లో ఏమంటారో పక్కనే రాయించండి. కత్తికి వారు ఏమిచ్చారు, నగదా, ధాన్యమా, అడవి సరుకా అని అడిగించండి. ఆ పుస్తకం ఒక్కటి తయారైతే మండలానికి ఒక చరిత్ర తయారైనట్టే.

మన చేతిలో నుంచి అడవి పోయిన కథ మనకు తెలుసు. ఆ అడవి బొగ్గుతో మండిన కొలిమి కథ కూడా మనదే. ఇనుము ఎక్కడ కొనాలి, బొగ్గు ఎవరు ఇవ్వాలి, ఏ అంగడిలో ఏ ధరకు అమ్మాలి అనే మూడు నిర్ణయాలు చేసేవాడి చేతిలో ఉంటే ఎంత గడ్డుకాలంలోనైనా కత్తి అమ్ముడవుతుంది. ఐకేపీ మహిళా సంఘాలు వడ్లు కొని నడిపించగలిగినప్పుడు, నాలుగు కొలిములకు పాత ఇనుము కలిపి కొనడం, కత్తులు కలిపి అమ్మడం చేయలేని పని కాదు. ముందు ఊళ్ళో కొలిమి ఇంకా ఉందో లేదో చూసి రండి. ఉంటే ఇంట్లో మొద్దుబారిన కత్తిని పదునుకు ఇవ్వండి.